రేవు నుండి వారధి వరకు: మన గ్రామ జనము, రాకపోకలు



శ్రీ స్వామివారి ఆలయ జీర్ణోద్ధరణ, పునఃప్రతిష్ఠ, మహాకుంభాభిషేక శుభసందర్భమున వెలువడుచున్న ఈ సంచికకు గ్రామచరిత్రను గూర్చి ఒక వ్యాసము వ్రాయవలసినదని ఆలయ కమిటీ పెద్దలు నన్ను ఆదేశించిరి. స్థలపురాణమును నాకంటె పెద్దలు ఇదే సంచికలో వ్రాసియున్నారు. శిల్పవిశేషములను స్థపతిగారు వివరించిరి. నా పాలికి మిగిలినది ఊరి సంగతి. ఏమి వ్రాయుదునా యని ఆలోచించుచుండగా, ఆహ్వానపత్రికలు పంపుటకై చిరునామాల పుస్తకము సిద్ధము చేయు పని వచ్చినది. మన గ్రామములోని ఇండ్లకు ఒక సాయంకాలమున నడచి పత్రికలు పంచితిమి. కాకినాడ, రాజమహేంద్రవరము, విశాఖపట్టణము, హైదరాబాదు, బెంగుళూరు, కువైటు, అమెరికాలకు పంపవలసిన పత్రికలపై చిరునామాలు వ్రాయుటకు నాలుగు దినములు పట్టినది. ఆ చిరునామాల వారందరును ఒకప్పుడు మన నాలుగు వీధులలోనివారే. కావున ఈ ఊరు ఎట్లు నిండినది, ఏ దారిన ఖాళీ అయినది అను విషయమునే చదివినంత, పెద్దలవలన విన్నంత, కన్నులార చూచినంత వ్రాయుచున్నాను.

మన మండలము పేరు ముందున్న 'ఐ' అను పొడి అక్షరమునకు అర్థమేమని అడిగిన ఈనాటి పిల్లలు చెప్పలేరు. అది ద్వీపమను అర్థముగల ఐలాండ్ అను ఆంగ్లపదమునకు మొదటి అక్షరము. ఐ.పోలవరము అనగా ద్వీపములోని పోలవరము. ఒక ప్రక్క గౌతమి, మరియొక ప్రక్క వృద్ధగౌతమి, దిగువన సముద్రము. ఇట్టి చోట ఏ దిక్కునకు పోవలెనన్నను నీరు దాటక తప్పదు. ఆ నీటినే మన పూర్వులు తీర్థముగా భావించిరి. గోదావరి సప్తర్షుల పేరిట ఏడు పాయలై సాగరమున కలియునని ప్రసిద్ధి కదా. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో స్నానము చేసి బయలుదేరి, ఒక్కొక్క పాయ వద్ద సంగమస్నానము చేయుచు, కుండలేశ్వరము మీదుగా సాగి, మాఘమాసమున అంతర్వేదిలో ముగించుటను సప్తసాగరయాత్ర యందురు. కొంత కాలినడక, కొంత పడవ. సంతానము కోరు దంపతులు ప్రత్యేకించి ఈ యాత్ర చేసెడివారు. వారిలో కొందరు మన ఆలయ మండపమున ఒక రాత్రి విశ్రమించి పోయెడివారని మా తాతగారు చెప్పుచుండెడివారు. ఆ రోజులలో మన ఊరికి వచ్చు పరవూరివారనగా వారే.

ఇప్పటి కొబ్బరితోటలను, వరిచేలను చూచువారికి ఈ సీమ ఒకప్పుడు కరువుసీమ యన్న నమ్మబుద్ధి కాదు. వరద వచ్చిన ముంపు, రాకున్న ఎండ. నందన నామ సంవత్సరపు కరువు, అనగా 1832-33 నాటిది, గుంటూరు సీమతోపాటు గోదావరి సీమను కూడ పీల్చివేసినది. నాటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు. 1841 నాటికి అది 5 లక్షల 61 వేలకు దిగినది. ఇరువది సంవత్సరములలో దాదాపు నలుగురిలో ఒకరు లేకుండ పోయిరి. కొందరు మరణించిరి, కొందరు వలస పోయిరి. ఈ దుఃస్థితిని పరిశీలించుటకు కుంఫిణీ ప్రభుత్వము మాంట్‌గోమరీ అను అధికారిని పంపగా ఆయన 1844లో నివేదిక సమర్పించి నీటిపారుదలకు పూనుకొనవలెనని చెప్పెను. పిమ్మట ఆర్థర్ కాటన్ దొరగారు 1847లో ధవళేశ్వరము వద్ద ఆనకట్ట ప్రారంభించి 1852లో పూర్తిగావించిరి. కాటన్ దొరగారికి కుడిభుజముగా నిలిచిన వీణం వీరన్నగారిని కూడ ఇచ్చట స్మరింపవలెను. మా ఇంట గోదావరీ స్నానసంకల్పమున దొరగారి పేరు చెప్పుకొను ఆచారము నా తండ్రిగారి వరకు నిలిచియుండెను, నేనును పాటించుచున్నాను. అన్యమతస్థుని పేరు సంకల్పములో ఎట్లు చెప్పుదురని ఒక విద్వాంసుడు నన్ను నిలదీసెను. ఆ నీటితో పండిన బియ్యమే గదా స్వామికి నైవేద్యమగుచున్నదని బదులు చెప్పితిని.

ఆనకట్ట వలన పొలములకు నీరు వచ్చినదని అందరును ఎరుగుదురు. దారులు వచ్చినవని కొందరే ఎరుగుదురు. కాటన్ దొరగారి కాలువలు పొలము తడుపుటకును, పడవ నడుపుటకును కూడ త్రవ్వబడినవి. ఎత్తు పల్లములు కలిసిన చోట లాకులు కట్టిరి. పడవ లాకులోనికి వచ్చిన పిమ్మట తలుపులు మూసి, నీటిమట్టము పెంచియో తగ్గించియో అవతలకు పంపెడివారు. కాలువగట్టున ఇద్దరు మనుష్యులు భుజమునకు త్రాడు తగిలించుకొని ముందునకు వంగి లాగుచుండ, పడవలో ధాన్యము, కొబ్బరికాయలు, పెండ్లివారు, యాత్రికులు ప్రయాణము చేసెడివారు. కాకినాడ నుండి ఏలూరు, బెజవాడల మీదుగా చెన్నపట్టణము వరకు కాలువలలోనే పడవపై పోవుట సాధ్యమైన కాలమది. మన ఆలయపు పాత ధ్వజస్తంభపు మాను భద్రాచలము పైని అడవులలో నరకబడి, తెప్ప కట్టబడి, గోదావరిలో తేలి వచ్చి, కాలువలో దిగి, కోనేటి గట్టున ఆగినదని మా పెద్దలు చెప్పెడివారు. ఈసారి కొత్త మాను లారీపై వచ్చినది. రహదారి వరకు సుఖముగా వచ్చి, మన ఊరి మలుపు వద్ద ఆగిపోయినది. మలుపు తిరుగుటకు చోటు చాలక, కరెంటు తీగలు విప్పించి, ఒక రైతు తన గట్టుమీది మూడు కొబ్బరిచెట్లను తీయుటకు సమ్మతింపగా, సాయంకాలమునకు ఆలయము చేరినది. ఆ కాలువ ఇప్పుడు గుర్రపుడెక్కతో నిండియున్నది.

గౌతమికి ఆవల యానాము. 1954 వరకు అది ఫ్రెంచివారి ఏలుబడిలోనిది. 1929లో శారదా చట్టము వచ్చి, మరుసటి సంవత్సరము ఏప్రిలు నుండి బాల్యవివాహములు నిషేధింపబడినప్పుడు, ఆ చట్టము యానామునకు వర్తింపదు గనుక, మన వైపు పెండ్లివారు పడవలెక్కి యానాము చేరి వివాహములు జరిపించిరి. ఒకే ముహూర్తమున అనేక జంటలు. ఇందులో గర్వింపదగినది ఏమియు లేదు. మా మాతామహి ఆ పడవలలో ఒకదానియందు తల్లి ఒడిలో నిద్రించుచు నది దాటిన పెండ్లికూతురు. తన పెండ్లిలో తనకు జ్ఞప్తియున్నది పడవ ఊగుట మాత్రమే అని ఆమె చెప్పెడిది.

రైలు సంగతియు ఒక మాట చెప్పవలెను. 1928లో కాకినాడ నుండి కోటిపల్లి వరకు రైలుదారి వేసిరి. ద్వితీయ ప్రపంచయుద్ధ కాలమున, 1940లో, ఆ పట్టాలను ఊడదీసి తీసికొనిపోయిరి. మరల 2004లో గాని కోటిపల్లికి రైలు రాలేదు. కోటిపల్లి నుండి అమలాపురము మీదుగా నరసాపురమునకు పొడిగింపవలెనని 2000లో శంకుస్థాపన చేసిరి. గోదావరి పాయలలో స్తంభములు లేచినవి. పావుశతాబ్ది గడచినను కోనసీమ నడిబొడ్డున రైలుకూత వినబడలేదు.

నా బాల్యమున మన ఊరికి లోకముతో సంబంధమంతయు రేవు వలననే. యెదుర్లంక రేవున పంటు ఎక్కిన ఆవల యానాము, అచ్చట నుండి కాకినాడకు బస్సు. రెండవ దారి వృద్ధగౌతమి మీద అన్నంపల్లి అక్విడక్టు దాటి, ముమ్మిడివరము, అమలాపురము, రావులపాలెము చుట్టి పోవుట. కాకినాడ ఎదుటి ఒడ్డు దాటిన అల్లంత దూరమున ఉన్నను, ఈ దారిన పోయిన నూరు కిలోమీటర్లకు తక్కువ కాదు. ఉపనయనమైన సంవత్సరము నన్ను వేదాధ్యయనమునకై ఆవలి ఒడ్డున గురువుగారి ఇంట దింపుటకు నాన్నగారు పంటు మీదనే తీసికొనిపోయిరి. నడినదిలో నేను ఏడ్వగా, సరంగు నాకు ఒక జామపండు ఇచ్చెను. మరల మూడు నెలలకు గాని ఇల్లు చూడలేదు. ఇంటికి రావలెనన్న సెలవు ఒక్కటి చాలదు, నది కూడ అనుకూలింపవలెను.

దారి లేకపోవుటచేత ఊరు నిండియుండెను. బయటికి పోలేరు గనుక అందరును ఇచ్చటనే యుండిరి. అర్చక కుటుంబములు, పురోహితులు, భజంత్రీలు, కుమ్మరులు, వడ్రంగులు, రజకులు, మత్స్యకారులు, వ్యవసాయ కూలీలు, ఎవరి పేటలో వారు. సాయంహారతి వేళ మండపము చాలక గాలిగోపురము వరకు జనము నిలిచెడివారు. ఈ మాట చెప్పునపుడు మరియొకటి దాచరాదు. ఆ నిండుదనములో గడప దాటి లోనికి రాకూడని వారును ఉండిరి. 1947లో మదరాసు ప్రభుత్వము ఆలయప్రవేశ చట్టము చేసినను, చట్టము ఊరికి చేరుటకు పడవకంటె ఎక్కువ కాలము పట్టినది. నేడు స్వామివారి పల్లకి మోయు భుజములలో సగమునకు పైగా ఆ పేటవారివే. వారు లేకున్న గత మూడేండ్లుగా గ్రామోత్సవము లేనట్లే.

1986 ఆగస్టు సంగతి వ్రాయుటకు నా చేయి ఆడదు. అయినను వ్రాయవలెను. శ్రావణ శుద్ధమున గోదావరి మునుపెన్నడు లేని విధముగా పొంగినది. ఆగస్టు 16న ధవళేశ్వరము వద్ద 35 లక్షల ఘనపుటడుగులకు పైగా నీరు దిగువకు పోయినది. క్షణమునకు అంత నీరు. కోనసీమలో అనేకచోట్ల గట్లు తెగినవి. పంట్లు ఆగిపోయినవి. అప్పటికి నాన్నగారికి నాలుగు దినముల నుండి జ్వరము. కాకినాడ తీసికొనిపోవలెనని వైద్యుడు చెప్పెను. ఏటిగట్టు మీద నిలిచి చూచిన ఆవలి ఒడ్డు కనబడలేదు. మూడవనాటి తెల్లవారుజామున ఆయన శివసాయుజ్యము పొందిరి. రుద్రభూమి నీటిలో నుండుటచే ఏటిగట్టు మీదనే అగ్నిసంస్కారము చేసితిని.

దుఃఖము నాది. చిక్కు స్వామివారిది. మృతాశౌచము పది దినములు. నేను గర్భాలయములో అడుగిడరాదు. మన వీధిలో అర్చకత్వము తెలిసినవారు ఎందరో ఉండిరి గాని, అందరును జ్ఞాతులు, అందరికిని మైలయే. వేరు గోత్రమువారు రావలెను. నాన్నగారి సహాధ్యాయి ఒకరు వృద్ధగౌతమికి ఆవల నుండిరి. వారికి కబురు పోవుటకే రెండు దినములు పట్టినది. ఆ రెండు దినములు స్వామికి దీపము లేదు, నైవేద్యము లేదు. తలుపులు మూసిన ఆలయము ఎదుట అరుగుమీద కూర్చుండి నేను లోనికి చూచుచుంటిని. మూడవనాడు ఇద్దరు మత్స్యకార సోదరులు చిన్న నావపై ఆ వృద్ధుని ఎక్కించుకొని, కొట్టుకొని వచ్చుచున్న మ్రానులను గెడలతో త్రోయుచు, మన రేవునకు చేర్చిరి. ఆయన తడిబట్టలతో దిగి, నన్ను పలుకరింపక ముందే ఆలయము వైపు నడచి, సంప్రోక్షణ చేసి దీపము వెలిగించెను. ఆ సోదరుల పుత్రులు ఇప్పుడును మన రేవుననే ఉన్నారు. వారికి ఈ కుంభాభిషేకమున తొలి తీర్థము ఇప్పింపవలెనని కమిటీవారిని నేను కోరితిని, వారు అంగీకరించిరి.

తరువాత 1996 నవంబరు 6 నాటి తుఫాను. ఆ రాత్రి కూలిన కొబ్బరిచెట్లు రోడ్లకు అడ్డముగా పడి, రోడ్డుండియు లేనట్లయినది. దానిని గూర్చి ఇదివరకే పలువురు వ్రాసియుండుటచే విరమించుచున్నాను.

యానాము-యెదుర్లంక వారధి 2002లో ప్రారంభమైనది. లోక్‌సభ సభాపతిగా నుండి, ఆ సంవత్సరము మార్చి 3న కైకలూరు సమీపమున హెలికాప్టరు ప్రమాదమున మరణించిన శ్రీ జి.ఎం.సి. బాలయోగిగారి పేరు దానికి పెట్టిరి. కోనసీమ బిడ్డ పేరు కోనసీమ వారధికి పెట్టుట సముచితము. మైలుకు పైబడిన ఆ వారధి మీద మొదటిసారి నడచినపుడు నేను నడినదిలో ఆగి, క్రింద పంటు పోయెడి దారిని చూచితిని. కాకినాడకు గంట ప్రయాణమైనది. కత్తిపూడి నుండి వచ్చు ఆ రహదారి 214 అను సంఖ్యతో జాతీయ రహదారిగా నుండెను, తరువాత 216 అయినది. మురమళ్ళ శ్రీ వీరేశ్వరస్వామివారి నిత్యకల్యాణమునకు రాష్ట్రము నలుమూలల నుండి భక్తులు రాగలుగుచున్నారు. మన స్వామివారికి కూడ శివరాత్రినాడు, కార్తీక సోమవారములందు కార్లు బారులు తీరుచున్నవి. 1991 పుష్కరములకు మన రేవునకు జనము పడవలలో వచ్చిరి, 2003లో బస్సులలో వచ్చిరి, 2015లో కార్లు నిలుపుటకు చోటు లేకపోయినది. 2025 ఆగస్టు 15 నుండి ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పించిన పిమ్మట, ఆ కార్తీకమున పల్లెవెలుగు దిగి వచ్చిన తల్లులను చూచి నా కన్నులు చల్లబడినవి. అందులో పొరుగు మండలమున ఉండియు అరువదేండ్లు వచ్చువరకు మన స్వామిని చూడని వారు ఉండిరి.

వచ్చువారి సంగతి ఇది. పోవువారి సంగతి వేరు. అదే వారధి మీదుగా మొదట చదువులకు పోయిరి, తరువాత ఉద్యోగములకు, తరువాత విదేశములకు. అదివరకు సెలవులకు తిరిగి వచ్చెడివారు. పిమ్మట తల్లిదండ్రులను కూడ తీసికొనిపోయిరి. ఉభయగోదావరులు విభజింపబడక మునుపటి లెక్కలు చూడుడు. తూర్పుగోదావరి జిల్లా జనాభా 2001లో 49,01,420. 2011లో 51,54,296. పది సంవత్సరములలో పెరుగుదల నూటికి ఐదు మాత్రమే. అదే కాలమున ఉమ్మడి రాష్ట్రము నూటికి పదకొండు పెరిగినది. దీనికి వలస ఒక్కటే కారణము కాదు. పిల్లలను కనుటయే తగ్గినది. 2019-21 ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కొక్క స్త్రీకి సగటు సంతానము 1.7. ఇద్దరికంటె ఎక్కువ సంతానము కలవారు స్థానిక ఎన్నికలలో నిలువరాదను నిబంధనను 2024లో ప్రభుత్వమే తొలగించినది. ఒకప్పుడు వద్దన్నవారే ఇప్పుడు కనుమనుచున్నారు. 2021లో జరుగవలసిన జనగణన జరుగలేదు గనుక 2011 తరువాతి సంగతి కాగితము మీద లేదు. నాకు మాత్రము వేరొక లెక్క కలదు. నాన్నగారి కాలమున సాయంకాల ప్రసాదమునకు కుంచెడు బియ్యము వండెడివారు. నేను అర్చకత్వము స్వీకరించిన నాడు మానికెడు. ఇప్పుడు తవ్వెడు వండిన కొంత మిగులుచున్నది. శివరాత్రికి మాత్రము క్వింటాళ్ళు చాలవు.

జనాభాకును దారికిని మధ్య నున్న మరియొక ముడిని దాతలు తెలిసికొనవలెనని నా కోరిక. 2000 డిసెంబరు 25న కేంద్రప్రభుత్వము ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ప్రారంభించినది. రోడ్డు లేని పల్లెలకు రోడ్డు వేయుట దాని ఉద్దేశము. మంచి పథకము, దానివలన దేశమున లెక్కకు మిక్కిలి పల్లెలకు దారి కలిగినది. అయితే మైదాన ప్రాంతమున ఐదువందల జనాభాయైనను ఉండవలెనని నియమము. కొండ ప్రాంతములకు, ఎడారులకు రెండువందల యేబది. మన లంకలు కొండలు కావు, ఎడారులు కావు. ప్రభుత్వ లెక్కలో అవి మైదానములు. వరద వచ్చినప్పుడెల్ల కొన్ని కుటుంబములు లంక విడిచి గట్టు మీదికి చేరును, అందులో కొన్ని తిరిగి పోవు. జనము తగ్గినకొలది రోడ్డు అడుగు హక్కు తగ్గును. రోడ్డు రాదని తెలిసినకొలది జనము తగ్గును. పి.గన్నవరము వైపు బూరుగులంక, ఊడిమూడిలంక మొదలైన ఊళ్ళకు వేసిన తాత్కాలికపు బాట ఏటేట తొలి వరదకే కొట్టుకొనిపోవుటను పత్రికలలో చూచియుందురు. 2022 జూలై వరదలలో లంకవాసుల కష్టము దేశమంతయు చూచినది.

2018 జూలై 14న మన మండలములోనే, పశువుల్లంక వద్ద, బడి నుండి ఇండ్లకు పోవుచున్న పిల్లల పడవ గౌతమిలో బోల్తాపడినది. నిర్మాణములో నున్న వంతెన స్తంభమునకు తగిలి పడవ తిరుగబడెను. విద్యార్థినులు నీట మునిగి మరణించిరి. వంతెన పూర్తియైయున్న ఆ పిల్లలకు ఆ పడవ ఎక్కు పని లేదు. ఆ సాయంకాలము నేను హారతి ఇచ్చుచు మంత్రము మరచితిని. నలుబది సంవత్సరముల అర్చకత్వమున అట్లు జరుగుట అదియొక్కమారే.

మరల ఆలయ విషయమునకు వచ్చెదను. మూడు సంవత్సరముల క్రిందట మా అన్నగారు హైదరాబాదులో కాలము చేసిరి. వార్త నాకు ఐదు నిమిషములలో చేరినది. మరల పది దినముల మైల. ఈసారి వరద లేదు, రోడ్డు అద్దమువలె నున్నది, చేతిలో ఫోను కలదు. వేరు గోత్రపు అర్చకుని కొరకు ఉదయము నుండి మధ్యాహ్నము వరకు ఫోనులు చేసితిని. ఒకరి కుమారుడు ఉద్యోగములో, ఒకరు కుమార్తె ప్రసవమునకై అమెరికాలో, ఒకరికి మోకాళ్ళనొప్పి. చివరకు ద్రాక్షారామము వైపు నుండి ఒక చిరంజీవి మోటారుసైకిలు మీద వచ్చుటకు ఒప్పుకొనెను. ఆ పిల్లవాడు అప్పటికే ప్రతి ఉదయము మూడు ఆలయములలో దీపము పెట్టుచున్నాడు. మనది నాలుగవది. తెల్లవారకముందే వారధి దాటి వచ్చి, అభిషేకము చేసి, వెంటనే మరల వారధి ఎక్కెడివాడు. నా ఇద్దరు కుమారులలో ఒకడు హైదరాబాదులో, ఒకడు డల్లాసులో ఉన్నారు. వారిని తప్పుపట్టుట లేదు. వారిని పంటు ఎక్కించి చదువునకు పంపినది నేనే. మా మేనల్లుడు ఆగమము నేర్చి యున్నాడు గాని, భార్య ఉద్యోగము, పిల్లల బడి కాకినాడలో నుండుటచే అచ్చటనే కాపురము. నా తరువాత ఆయన ప్రతిదినము కాకినాడ నుండి వచ్చి పూజ చేయుటకు మాట ఇచ్చెను. మన స్వామివారి నిత్యదీపము ఇకమీదట ఆ రోడ్డు మీద ఆధారపడియుండును. కావుననే జీర్ణోద్ధరణ నిధిలో కొంత భాగమును ఆలయము వెనుక అర్చకునికి రెండు గదుల వసతి కట్టుటకు వినియోగింపవలెనని నేను పట్టుబట్టితిని. రాజగోపురమునకు ఇంకొక అంతస్తు వేయవచ్చును గదా యని కొందరు దాతలు అడిగిరి. గోపురము ఎత్తు తరువాతి తరమువారు పెంచుకొందురు. వాన కురిసిన రాత్రి తిరిగిపోలేక యుండిపోయిన అర్చకునికి పడుకొనుటకు చోటు ఇప్పుడే కావలెను. గదులు పూర్తియైనవి.

దాతల పట్టిక ఈ సంచిక చివర నున్నది. పెద్ద మొత్తములు ఇచ్చినవారి పేర్లు ముందు వచ్చినవి, అది పద్ధతి. ఆ పట్టిక అడుగున కువైటులో ఇంటిపనికి పోయిన మన లంక ఆడపడుచు పంపిన సొమ్ము కలదు. కోనసీమ నుండి ఎందరో స్త్రీలు పిల్లలను తల్లికి అప్పగించి గల్ఫు దేశములకు పోయిరి. ఆమె పన్నెండేండ్లుగా ప్రతి శివరాత్రికి దీపతైలమునకు పైకము పంపుచున్నది. జీర్ణోద్ధరణకు వేరుగా పంపినది. ఫోనులో ఆమె నన్ను అడిగినది ఒక్కటే: "అయ్యగారూ, మా లంకకు బాట పడిందా?" పడలేదమ్మా అని చెప్పితిని.

కుంభాభిషేక కలశములకు ఏడు పాయల జలము కావలెను. పూర్వము అది తెచ్చుటకు పక్షము దినములు పట్టెడిది. ఈసారి మా మేనల్లుడు తెల్లవారుజామున మోటారుసైకిలు మీద బయలుదేరి, చొల్లంగి మొదలు అంతర్వేది వరకు ఏడు సంగమముల జలమును ఏడు రాగిచెంబులలో పట్టి, చీకటి పడునప్పటికి ఆలయము చేరెను. గౌతమీజలమును మాత్రము నేనే తెచ్చెదనని చెప్పియుంటిని. కాలినడకన మన పాతరేవునకు పోయితిని. మెట్లపై నాచు పట్టియుండుటచే దిగలేకపోతిని. ఆ మత్స్యకార సోదరులలో ఒకరి కుమారుడు నా చేతిలోని చెంబు తీసికొని, మొలలోతు నీటిలోనికి దిగి నింపి, తలపై పెట్టుకొని ఆలయద్వారము వరకు నాతో నడచి వచ్చెను. ఆ కలశము యాగశాలలో ఈశాన్యమున ఉంచబడినది.